నూట ఇరవై కిలోలు

మే నెల వచ్చిందంటే వెర్నాకి ఒళ్లు మండేది. ఆ దక్షిణపు దేశంలో అప్పుడే చలి మొదలవుతుంది, మొదలవగానే రిటైరైన మొగుళ్లందరికీ ఒక్కసారిగా దేశం చూడాలనిపిస్తుంది. నలభై ఏళ్లు కుర్చీలోంచి లేవకుండా ఉద్యోగం వెలగబెట్టినవాడు ఒక శనివారం చక్రాల ఇళ్లలాంటి కారవాన్ల ప్రదర్శనకి వెళ్తాడు. సాయంత్రానికి ఇల్లంత కారవాన్ ఒకటి కొనేస్తాడు. దాన్ని లాగడానికి తన కారు సరిపోతుందా లేదా అన్న ఆలోచన ఆ తర్వాతెప్పుడో వస్తుంది. అప్పుడు క్రిస్టల్ బ్రూక్‌లో హైవే పక్కనున్న వెర్నా షెడ్డు ముందు కారు ఆపి, "చిన్న పనే, ఒక టో బార్ బిగిస్తే చాలు" అంటాడు.

ఇరవై ఆరేళ్లుగా ఆమె కారు వెనక కారవాన్ తగిలించే ఆ ఇనప దూలం బిగించే చిన్న పనే చేస్తోంది. ఆ ఇరవై ఆరేళ్లలో తన కారు సంగతి తనకి తెలిసిన మగవాణ్ణి ఆమె నలుగురికి మించి చూడలేదు. ఆ నలుగురిలో ఇద్దరు లారీ డ్రైవర్లు.

ఈ ఏడు వచ్చినవాడు బయటివాడైనా బాగుండేది. వచ్చింది బావ నెవిల్. అక్క కొరలీ మొగుడు. హైస్కూల్లో లెక్కలు చెప్పి, వైస్ ప్రిన్సిపాల్‌గా రిటైరయ్యాడు. ప్రిన్సిపాల్ ఎందుకు కాలేదో ఎవరూ అడక్కపోయినా అరగంట చెప్తాడు. పిల్లల్ని స్కూలుకి దింపడానికి, వారానికోసారి సరుకులు తెచ్చుకోవడానికి పనికొచ్చే మెత్తటి కారు ఒకటి ఉంది ఆయనకి. దాని వెనక తగిలించుకుని, దేశం ఉత్తరపు కొసనున్న డార్విన్ దాకా ఈడ్చుకుపోవడానికి రెండు టన్నుల కారవాన్ తెచ్చాడు. కారవాన్ మీద వంకీలు తిరిగిన అక్షరాలతో 'నెవిల్ స్వేచ్ఛ' అని రాయించాడు. అందులో కొరలీ పేరు ఎక్కడా లేదు.

"రెండు వేల కిలోలు లాగుతుందని పుస్తకంలోనే ఉంది వెర్నా. పేజీ నూట పద్నాలుగు," అన్నాడు దిగీ దిగగానే.

"లాగుతుంది నెవిల్. ఆపగలదా అని అడుగు."

"ఆపకేం?"

"ఆ రెండు వేలు కారులో నువ్వొక్కడివే కూర్చున్నప్పటి మాట. మీ ఇద్దరూ, మీ సామానూ, నెత్తిన ఆ బోటూ పెట్టుకుంటే ఆ లెక్క వేరు. కారు, కారవాన్ కలిపి నాలుగు వేల నూరు దాటకూడదు. అది నూట పదిహేనో పేజీలో ఉంటుంది. నువ్వు నూట పద్నాలుగు దగ్గరే ఆగినట్టున్నావు."

నెవిల్ క్లాసులో వెనక బెంచీవాణ్ణి చూసినట్టు ఆమె వైపు చూశాడు.  కొరలీ కారు దిగి, చేతిలో కేకుల డబ్బా చూపిస్తూ, "లామింగ్టన్లు చేశానే. నీకిష్టమని," అంది. చెల్లెలికీ మొగుడికీ మధ్య మాట పెరగకుండా తినేదేదో తెచ్చి అడ్డం పెట్టడం ఆమెకి అలవాటే. పెళ్లయిన రెండేళ్లకే మొగుడి మొహాన తాళాలు కొట్టి వచ్చేసిన వెర్నాకి అక్కలోని ఆ గుణం చూస్తే జాలేసేది కాదు. చీదర పుట్టేది.

అయినా పని ఒప్పుకుంది. కారణం ఒక్కటే. ఆ కారులో నెవిల్ పక్క సీట్లో కూర్చునేది కొరలీ.

రెండేళ్ల కిందట ఇలాగే ఒక పెద్దమనిషి కారుకి వెర్నా టో బార్ బిగించింది. పని శుభ్రంగా చేసింది. ఆయన ఇంటికెళ్లి బరువంతా కారవాన్ తోకలో వేసుకున్నాడు. పోర్ట్ అగస్టా దాటాక మూడు ట్రెయిలర్ల లారీ ఒకటి ఎదురొచ్చి పక్కనుంచి వెళ్లింది. ఆ గాలికి కారవాన్ ఊగడం మొదలుపెట్టింది, ఊగి ఊగి కారుని కూడా పట్టుకుని పడేసింది. ఆయనకి భుజం ఎముక విరిగింది. పక్క సీట్లో ఉన్న భార్య అక్కడే పోయింది. పోలీసులు టో బార్‌ని ఫొటోలు తీసుకుని, నీ పనిలో తప్పేమీ లేదమ్మా అన్నారు. ఆ మాట విని వెర్నాకి ఆ వారమంతా అన్నం సయించలేదు. అప్పట్నుంచి ఆమె ఒక నియమం పెట్టుకుంది. బిగింపు అయ్యాక సామానంతా ఎక్కించి, ట్యాంకులు నింపి, మనుషులు ఎక్కి, గోధుమల గోదాము దగ్గరున్న లారీ కాటా మీద తూకం వేయించుకున్నాకే, పని అయిందని కాటా చీటీ మీద సంతకం పెడుతుంది. ఒప్పుకోనివాళ్లు బిగించిందంతా విప్పించుకుని వెళ్లిపోవచ్చు.

పని మూడు రోజులు పట్టింది. కారు వెనక బంపర్ ఊడదీసి, కింద చాసిస్‌కి టో బార్‌ని లావుపాటి బోల్టులతో బిగించింది. కొండ ఎక్కేటప్పుడు గేరు బాక్సు ఉడికిపోకుండా ముందు వైపు చిన్న రేడియేటర్ పెట్టింది. కారవాన్ దీపాలకి వైర్లు లాగింది. కారవాన్ బ్రేకులు విడిగా వేసుకోవడానికి స్టీరింగ్ పక్కన ఒక మీట అమర్చింది. కారు తోక కుంగకుండా బరువుని ముందు చక్రాల దాకా పంచే ఇనప కమ్మీలు తగిలించింది. కొక్కెం ఊడినా కారవాన్ రోడ్డు మీద పడిపోకుండా రెండు గొలుసులు అడ్డంగా వేసింది. ఈ మూడు రోజులూ నెవిల్ పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, తనకి తెలియనివన్నీ ఆమెకి నేర్పాడు.

"గొలుసులు అలా అడ్డంగా ఎందుకు? నిటారుగా ఉంటే అందంగా ఉంటుంది కదా."

"కొక్కెం ఊడితే దాని మూతి ఆ గొలుసుల మీద పడాలి. నిటారుగా ఉంటే నేల మీద పడుతుంది. అప్పుడు అందం చూసుకోవచ్చు."

మూడో రోజు రెండు వైపులా పొడుగు చేతుల అద్దాలు తగిలిస్తుంటే నెవిల్ లేచి నిలబడ్డాడు.

"ఇవి వద్దు వెర్నా. కారుకి ఏనుగు చెవులు పెట్టినట్టుంది. వెనక్కి తీయడానికి నాకు మీ అక్క కోరీ ఉందిగా."

"అద్దాలు లేకుండా షెడ్డు దాటనివ్వను."

"కోరీ, చూపించు మీ చెల్లెలికి," అని ఆయన కారెక్కాడు. కొరలీ టీ కప్పు కింద పెట్టి, పరుగులాంటి నడకతో కారవాన్ వెనక్కి వెళ్లి రెండు చేతులూ పైకెత్తి నిలబడింది. అక్కడ మొదలైంది అసలు బాగోతం. కారవాన్ వెనక్కి ఒక గజం వచ్చేది, అడ్డం తిరిగేది, ఆగేది. ఆగినప్పుడల్లా కిటికీలోంచి నెవిల్ తల బయటికొచ్చేది.

"ఎడమ అంటే నా ఎడమ కోరీ. నీ ఎడమ కాదు. ఎన్నిసార్లు చెప్పాలి?"

"సారీ నెవ్."

"చెయ్యి ఎత్తితే ఆగమనా, రమ్మనా? ఏదో ఒకటి చెప్పు. గాలిమరలా తిప్పకు."

"సారీ నెవ్."

ఈ ఆట ఊరికొక్క జంటయినా ఆడుతుందని వెర్నాకి తెలుసు. కారవాన్ పార్కుల్లో మిగతావాళ్లు మడత కుర్చీలు వేసుకుని, బీరు తాగుతూ, సినిమా చూసినట్టు చూసేది దీన్నే. స్టీరింగ్ మొగుడి చేతిలో ఉంటుంది, తప్పు మాత్రం పెళ్లాం చేతుల్లో ఉంటుంది. నలభై ఒక్క ఏళ్లుగా ఆ చేతులెత్తి నిలబడుతున్న అక్కని చూసి వెర్నా నేల మీద ఉమ్మేసి, పానా తీసుకుని కారు కిందికి దూరింది. నెవిల్ ఎలాంటివాడో ఆమెకి ముందే తెలుసు. ఆమె కోపమంతా కొరలీ మీదే.

నాలుగో రోజు పొద్దున్న సామానంతా ఎక్కించుకుని కాటాకి వచ్చారు. కోతల కాలం కాదు కాబట్టి గోదాము దగ్గర లారీల వరస లేదు. కాటా చూసుకునే లిండ్సే ఒక్కడే గదిలో కూర్చుని, మాంసం కూరిన పేస్టీ తింటున్నాడు. వెర్నా తన పాత వ్యానులో ముందే వచ్చి, కాటా ఎక్కకముందు వాళ్లని ఆపింది. కారవాన్ మూతి టో బార్ గుండు మీద ఎంత బరువు మోపుతోందో చూసే చిన్న తూకం ఆమె దగ్గరుంది. చూసింది. తొంభై కిలోలు. దాదాపు రెండు వందలు ఉండాలి.

ఆమె కారవాన్ వెనక అర తెరిచింది. జనరేటర్, పనిముట్ల పెట్టె, బోటు మోటారు, మూడు బస్తాల పొయ్యి కట్టెలు అన్నీ ఆ మూలనే కుక్కి ఉన్నాయి.

"ఇవి ఇక్కడ పెట్టమని ఎవరు చెప్పారు?"

"పోయిన వారం పోర్ట్ జెర్మైన్ పార్కులో సాయంత్రం నలుగురం కూర్చున్నాం. కారవాన్ తగిలిస్తే కారు తోక కుంగుతుందేమో అంటే, బరువు వెనక్కి జరిపితే మూతి తేలికవుతుందన్నారు. వాళ్లు దేశం మూడుసార్లు చుట్టొచ్చినవాళ్లు. ఈ పొద్దున్న అలాగే సర్దాను, కారు తోక లేచింది. ఫిజిక్స్ వెర్నా," అన్నాడు నెవిల్.

"తోక లేచింది. దాంతోపాటు నా అక్క ప్రాణం కూడా లేచిపోయేది."

"ఎందుకలా మాట్లాడతావు?"

"రెండేళ్ల కిందట ఇలా మాట్లాడలేదు కాబట్టి. తోక బరువెక్కిన కారవాన్‌ని గంటకి తొంభైలో ఒక్క లారీ గాలి కొడితే చాలు. బీరు తాగేవాళ్లు చెప్పేది కారు నిలబడి ఉన్నప్పుడు పనికొస్తుంది. తోలేటప్పుడు కాదు. దించు అన్నీ. చక్రాల మీదకి సర్దు."

దించింది నెవిల్ కాదు. బస్తాలు, పెట్టె కొరలీ, వెర్నా మోసుకొచ్చి చక్రాల మీదికి వచ్చేలా సర్దారు. నెవిల్ ఆ కాసేపూ తన నడుం నొప్పి గురించి చెప్పాడు. మూతి బరువు సరిపోయింది. ఇనప కమ్మీలు బిగించేసరికి కారు కూడా తోక కుంగకుండా సమంగా నిలబడింది.

"ఇప్పుడు కాటా ఎక్కించు. ఇద్దరూ లోపలే కూర్చోండి. మనుషులు కూడా బరువే."

లిండ్సే గది కిటికీలోంచి తల బయటపెట్టి అంకె చదివాడు. "నాలుగు వేల మూడు వందల ఎనభై."

"రెండు వందల ఎనభై ఎక్కువ," అంది వెర్నా. "తగ్గించు, లేకపోతే టో బార్ విప్పేస్తా."

"నువ్వు మరీ చాదస్తంగా మాట్లాడుతున్నావు. దారిలో ఎవరు తూస్తారు?"

"దారిలో ఎవరూ తూయరు. డార్విన్ దారిలో కటేరిన్ దగ్గర దిగుడులో బ్రేకులు తూస్తాయి. అక్కడ నువ్వు నూట పదిహేనో పేజీ చదివినా అవి వినవు."

అరగంట బేరమాడి నెవిల్ కొంత దించాడు. ఒక నీళ్ల ట్యాంకు గడ్డిలోకి వదిలితే ఎనభై కిలోలు పోయాయి. ఊళ్లలో నీళ్లు తాగలేనని ఆయన ఇంటి నుంచి నింపుకొచ్చిన నీళ్లవి. కట్టెల బస్తాలు దించితే యాభై, బీరు పెట్టెలు సగం దించితే ముప్ఫై తగ్గాయి. బీరు దగ్గర ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగినంత పనైంది. కాటా మీదే ఉన్న కారులో మళ్లీ ఎక్కి కూర్చున్నారు.

"నాలుగు వేల రెండు వందల ఇరవై," అన్నాడు లిండ్సే. అతని పేస్టీ ఎప్పుడో అయిపోయింది. ఇంత వినోదం అతనికి కోతల కాలంలో కూడా దొరకదు.

"ఇంకా నూట ఇరవై. బోటు, దాని మోటారు, జనరేటర్. ఆ మూడూ తీస్తే సరిపోతుంది," అంది వెర్నా.

"బోటు లేకుండా డార్విన్ ఎందుకు పోవడం?"

"నీకు ఈత కూడా రాదు కదా నెవిల్."

"బోటు దించే ప్రశ్నే లేదు. జనరేటర్ అత్యవసరం," అని ఆయన కారవాన్ తలుపు తీసి లోపలికి చూశాడు. మంచం కింద ఏముందో, బీరువాలో ఏముందో కాసేపు వేలు ఆడిస్తూ పరిశీలించాడు. ఆ వేలు చివరికి తలుపు పక్కనున్న పాతకాలపు ఇనప కుట్టు మిషన్ దగ్గర ఆగింది. అది లేకుండా రానంటే రానని కొరలీ తన కోసం పెట్టుకున్నది అదొక్కటే. ఆసుపత్రి పిల్లలకి బొంతలు కుడుతుంది దాని మీద.

"ఇదేంటి కోరీ? డార్విన్‌లో కుట్టుకోవడానికి ఏముంది? దీని బరువే సగం టన్నుంటుంది. తీసేయ్. ఆ నీ పెట్టె కూడా. వేసుకోవడానికి రెండు జతలు చాలవా?"

కొరలీ కారు దిగింది. వెర్నా అప్పటికే మొహం తిప్పేసుకుంది. ఇప్పుడు సారీ నెవ్ అంటుంది, మిషన్ దించుతుంది, లామింగ్టన్ల డబ్బా తెరుస్తుంది. అంతేగా. నలభై ఒక్క ఏళ్ల సినిమా అది, చివర ఏమవుతుందో తెలిసిందే.

కొరలీ మిషన్ని ఒక చేత్తో, తన పెట్టెని ఇంకో చేత్తో పట్టుకుని దించింది. దించి గడ్డిలో పెట్టలేదు. నేరుగా గది పక్కన విత్తనాల బస్తాలు తూచే చిన్న కాటా దగ్గరికి మోసుకెళ్లింది.

"లిండ్సే, ఇది ఎంతుందో చూస్తావా?"

"పద్దెనిమిది, కొరలీ."

"ఇది?"

"ఇరవై నాలుగు."

ఆమె ఆ రెండూ తీసి పక్కన పెట్టి, చెప్పులు విప్పకుండా, చేతిసంచీ భుజానే ఉంచుకుని, తను కాటా ఎక్కి నిలబడింది.

లిండ్సే ఒక్క క్షణం ఆమె వైపు చూశాడు, తర్వాత అంకె వైపు చూశాడు. ఆడవాళ్ల బరువు పైకి చదవడం అతనికి అలవాటు లేదు. "డెబ్బై ఎనిమిది," అన్నాడు గొంతు తగ్గించి.

"పద్దెనిమిది, ఇరవై నాలుగు, డెబ్బై ఎనిమిది," అంది కొరలీ. "నెవ్, లెక్కల మాస్టారివి కదా. ఎంత?"

నెవిల్ నోరు తెరిచాడు కానీ అంకె రాలేదు. వెర్నాకి వచ్చింది. ఆమె చేతిలోని పానా ఎందుకో ఉన్నట్టుండి బరువనిపించింది, దాన్ని వ్యాను బానెట్ మీద పెట్టింది.

"ఏంటి కోరీ ఇది? పిల్ల చేష్టలు కాకపోతే."

"నువ్వే కదా అన్నావు, బోటు దించనని. జనరేటర్ అత్యవసరమని. మిగిలింది చూసుకుంటే నేనే. నేనూ, నా సామానూ." ఆమె గొంతు పెరగలేదు. టీలో పంచదార ఎంత వేయాలో అడుగుతున్నట్టే ఉంది. "ఏది దించాలో నువ్వు వెతికినప్పుడు నీ వేలు ఎక్కడ ఆగుతుందా అని చూశాను. ఒక్కసారైనా బోటు మీద ఆగుతుందేమో అనుకున్నాను."

"ఇంత చిన్నదానికి..."

"నూట ఇరవై కిలోలు నెవ్. చిన్నదేం కాదు."

 నెవిల్ వెర్నా వైపు చూశాడు, ఇదంతా నువ్వు నేర్పిందేగా అన్నట్టు. నేర్పి ఉంటే ఎంత బాగుండేదో అనుకుంది వెర్నా. ముప్ఫై ఏళ్లు అక్కకి చెప్పీ చెప్పీ విసిగి, ఇక ఈ మనిషి ఇంతే అని ఎప్పుడో వదిలేసింది ఆమె.

"తూకం వేయండి మరి, లిండ్సేకి వేరే పనులుండవా," అంది కొరలీ.

నెవిల్ కారెక్కాడు. ఎక్కకపోతే టో బార్ విప్పుతారు. విప్పితే ఆయన పోర్ట్ జెర్మైన్‌లో చెప్పుకొచ్చిన గొప్పలన్నీ ఏమవ్వాలి? తలుపు గట్టిగా వేసుకుని, ఒక్కడే తూకానికి కూర్చున్నాడు. పక్క సీటు ఖాళీగా ఉంది. కొరలీ బయట తన పెట్టె మీద కూర్చుని చూస్తోంది.

"నాలుగు వేల నూరు," అన్నాడు లిండ్సే. "సరిగ్గా."

ఇప్పుడు వెర్నా సంతకం ఆపడానికి కారణం లేదు. పద్ధతి ప్రకారం కాటా చీటీ తీసుకుని, వెనక సంతకం పెట్టి, కిటికీలోంచి నెవిల్‌కి ఇచ్చింది. టైర్ల గాలి రోజూ పొద్దున్నే చూసుకోమంది. దిగుళ్లలో కారవాన్ బ్రేకు ముందు వేయమంది. ఇరవై ఆరేళ్లుగా అందరికీ చెప్పే మాటలే చెప్పింది, ఒక్కటీ ఎగ్గొట్టలేదు.

కాటాకి అవతలి వైపు గేటు తాళం వేసి ఉంది. కోతలప్పుడు తప్ప తీయరు. నెవిల్ వచ్చిన దారినే వెనక్కి తీసుకోవాలి. ఆయన రివర్స్ గేరు వేశాడు. వేసి ఆగాడు. కిటికీలోంచి తల బయటికొచ్చింది. నాలుగు రోజుల్లో మొదటిసారి ఆ మొహంలో పాఠం చెప్పే కళ లేదు.

"కోరీ, వెనక్కి ఎలా తీయను? చెయ్యి ఎవరు చూపిస్తారు?"

కొరలీ రెండు చేతులూ ఒళ్లోనే ఉంచుకుంది.

"అద్దాలున్నాయిగా నెవ్. వెర్నా బాగా బిగించింది," అంది.

ఆయనకి అరగంట పట్టింది. ఒకసారి కాటా పక్కనున్న కమ్మీకి తగిలాడు, రెండుసార్లు గడ్డిలోకి దిగాడు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ సాయం వెళ్లలేదు. చివరికి హైవే ఎక్కి ఉత్తరం వైపు తిరిగాడు. ఊగకుండా, తిన్నగా, ఎలా పోవాలో అలా పోయింది కారవాన్. ఆ విషయంలో మాత్రం వెర్నా మనసు కుదుటపడింది.

వ్యానులో మిషన్ని వెనక పెట్టి, ఇద్దరూ ముందు కూర్చున్నాక వెర్నా ఇక ఆపుకోలేకపోయింది. అక్క చెయ్యి పట్టుకుని, "నువ్వింత పని చేస్తావని నేను అస్సలు..." అని మొదలుపెట్టింది.

"అనుకోలేదు. తెలుసు," అంది కొరలీ. చెయ్యి మెల్లిగా వెనక్కి తీసుకుంది. "నేను చేతులెత్తి నిలబడ్డప్పుడల్లా నువ్వు నేల మీద ఉమ్మేదానివి వెర్నా. నెవ్ అరుపులకి అలవాటు పడ్డాను గానీ, దానికి ఎప్పుడూ అలవాటు పడలేదు."

 వెర్నా వ్యాను తాళం తిప్పింది. దారిలో షెడ్డు ముందు ఇంకో కారు ఆగి ఉంది, పక్కన ఒక పెద్దమనిషి టో బార్ కోసం నిలబడి చెయ్యూపాడు. ఆమె ఆపలేదు, అక్కని తన ఇంటికి తీసుకెళ్లింది.